బండి మీద పేరు: బెంగుళూరు చేతిపనివారికి చేతిలో ఉన్న ప్రకటన పలక

హిందూపురం, మడకశిర, పెనుకొండ, కుప్పం ప్రాంతాల పల్లెల్లో బెంగుళూరుకు మనిషిని పంపని ఇల్లు అరుదు. టైల్స్ పరచేవారు, ప్లంబింగు పనివారు, రంగులు వేసేవారు, ఎలక్ట్రీషియన్లు, ఏసీలు బాగుచేసేవారు, వంటింటి అలమరలు బిగించే వడ్రంగులు ఈ పల్లెల నుంచి వందల సంఖ్యలో ఆ నగరంలో స్థిరపడ్డారు. మొదటి నాలుగైదేళ్లు మేస్త్రి కింద కూలికి పని చేయడం, తరువాత సొంతంగా చిన్న కాంట్రాక్టులు పట్టడం, అటుపై పాత ఆపే ఆటోనో, మారుతీ ఈకోనో, టాటా ఏస్‌నో కొనడం, ఇదీ సాధారణంగా నడిచే దారి. బండి కొనేటప్పుడు ఒకసారి ఇంటి నుంచి డబ్బు వెళుతుంది. ఇటీవలి కాలంలో రెండవసారి కూడా అడుగుతున్నారు: బండికి స్టిక్కరింగ్ చేయించాలట, ర్యాపింగ్ చేయించాలట. ఊరిలో ఉన్న పెద్దలకు ఇది సోకుగా తోచడం సహజం. తిరిగే బండికి పట్టుచీర ఎందుకని అడిగేవారూ ఉన్నారు.

అయితే ఈ విద్య పల్లెకు కొత్తది కాదు. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చే బోరుబండ్లను చూడని ఊరు రాయలసీమలో లేదు. ఆ లారీల పక్కలనిండా యజమాని పేరు, ఊరు, ఫోను నంబర్లు పెద్ద పెద్ద అక్షరాలతో ఉంటాయి. పక్క పొలంలో బోరు వేస్తున్నప్పుడు చూడటానికి వెళ్లిన రైతు ఆ నంబరు రాసుకొని వస్తాడు. నీళ్లు పడ్డ పొలం గట్టున నిలబడిన బండే ఆ యజమానికి ప్రకటన, సాక్ష్యం, అంగడి. బెంగుళూరులో చేతిపనివారు చేస్తున్నదీ అదే. మారినది సామగ్రి ఒక్కటే. రంగు, కుంచె స్థానంలో అచ్చువేసిన ప్లాస్టిక్ పొర వచ్చింది.

నగరంలో దీనికి గిరాకీ పెరగడానికి బలమైన కారణం ఉన్నది. ఒకప్పుడు బెంగుళూరులో చిన్న పనివాడు తన నంబరును గోడమీద అతికించేవాడు, కరెంటు స్తంభానికి కట్టేవాడు, కూడలిలో ఫ్లెక్సీ వేసేవాడు. 2018 ఆగస్టు 1న కర్ణాటక హైకోర్టు అక్రమ ఫ్లెక్సీలు, బ్యానర్ల విషయంలో నగరపాలక సంస్థను గట్టిగా మందలించి, వాటిని తొలగించవలసిందిగా ఆదేశించింది. సిబ్బంది కూడలి కూడలికీ తిరిగి వాటిని చించివేశారు. అదే నెల 6వ తేదీన అప్పటి బృహత్ బెంగుళూరు మహానగర పాలికె బహిరంగ ప్రకటనలను నిషేధిస్తూ తీర్మానం చేసింది. ఆ పాలికె నేడు లేదు. 2025 సెప్టెంబరులో దాని స్థానంలో గ్రేటర్ బెంగుళూరు ప్రాధికార సంస్థ కింద ఐదు నగరపాలికలు ఏర్పడ్డాయి. హోర్డింగుల నిబంధనలు కూడా 2018 తరువాత మారుతూ వచ్చాయి. కానీ లైసెన్సు పొంది హోర్డింగు అద్దెకు తీసుకోవడం రంగులు వేసే మేస్త్రికి అందే పని కాదు. ఇక గోడలమీద కాగితాలు అతికించడం, రాతలు రాయడం 1981 నాటి కర్ణాటక బహిరంగ ప్రదేశాల వికృతీకరణ నిరోధక చట్టం కింద శిక్షార్హమైన నేరం.

మరొక మార్గం సెల్‌ఫోన్ యాప్‌లు. 2014లో అర్బన్‌క్లాప్ పేరుతో మొదలై 2020లో అర్బన్ కంపెనీగా పేరు మార్చుకున్న సంస్థ వంటివి పనివారికి పని చూపిస్తున్నాయి. కొత్తగా నగరానికి వచ్చినవారికి అవి నిజంగా మేలు చేస్తాయి. కానీ వాటిలో ఒక చిక్కు ఉన్నది. కుళాయి బాగుచేసింది మడకశిర పనివాడే అయినా, ఆ ఇంటివారు మరల అవసరం పడినప్పుడు తెరిచేది యాప్‌నే. ఎవరు వస్తారో సంస్థ నిర్ణయిస్తుంది, కమీషన్ సంస్థకు పోతుంది. పదేళ్లు పని చేసినా పనివాని పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియకపోవచ్చు. బండిమీద ఉన్న పేరు, నంబరు మాత్రం అతని సొంతం. ఇంటి నుంచి డబ్బు పంపే ముందు పెద్దలు ఆలోచించవలసిన అసలు విషయం ఇదే: ఖర్చు అలంకారానికా, పేరు నిలబెట్టుకోవడానికా? అలంకారానికి ఎంతైనా ఖర్చవుతుంది. పేరుకు చాలా తక్కువ చాలు.

పొరలో రకాలు

బజారులో దొరికేవి స్థూలంగా మూడు. మొదటిది పల్లెల్లోనూ అందరూ "రేడియం" అని పిలిచే అక్షరాల కత్తిరింపు. రంగు వినైల్ షీటును యంత్రంతో అక్షరాలుగా కోసి అతికిస్తారు. రెండవది సగం కప్పడం. బండి వెనుక తలుపు, పక్కల్లో కొంత భాగం మాత్రమే అచ్చువేసిన పొరతో కప్పుతారు. మూడవది నిండు ర్యాపింగ్, అనగా బండి అసలు రంగు కనబడకుండా అంతటా పొర వేయడం.

ఈ మూడవది విదేశాల్లో 1990వ దశకంలో వ్యాప్తిలోకి వచ్చింది. జర్మనీలో టాక్సీలన్నీ లేత గోధుమరంగులో ఉండాలని నియమం ఉండేది. ఆ రంగు వేయిస్తే టాక్సీగా వాడిన తరువాత కారుకు మంచి ధర రాదు. అందుకని రంగు వేయించడానికి బదులు అదే రంగు పొర అతికించి, అమ్మేనాడు ఒలిచివేసే పద్ధతి అక్కడ కనుగొన్నారు. పొర అసలు ప్రయోజనం అదే: అతికినంతకాలం గట్టిగా ఉండాలి, తీయవలసిన రోజు లోపలి రంగుకు చెరుపు లేకుండా రావాలి.

ఈ రెండు గుణాలూ అన్ని పొరల్లో ఉండవు. వినైల్ అంటే పీవీసీ ప్లాస్టిక్. దానిని వేడిచేసి రోలర్ల మధ్య నలిపి సాగదీసి తయారుచేసే రకాన్ని క్యాలెండర్డ్ అంటారు. ఇది కొంచెం మందం, వెల తక్కువ. సాగదీసి చేసినది గనుక ఎండకు తిరిగి ముడుచుకొనే స్వభావం దానికి ఉంటుంది. ఏడాది రెండేళ్లకు అంచులు లేచి, అక్షరాల చుట్టూ మురికి గీత కనబడేది ఇందువల్లనే. రెండవ రకమైన కాస్ట్ పొరను ద్రవరూపంలో పలుచగా పోసి ఆరబెట్టి చేస్తారు. దానిలో బిగువు ఉండదు. సుమారు 50 మైక్రాన్ల మందంతో బండి వంపులకు చక్కగా ఒదుగుతుంది, ఎక్కువ ఏళ్లు నిలుస్తుంది. వెల కూడా అధికం. వ్యాపారి "ఇంపోర్టెడ్" అన్నంత మాత్రాన అది కాస్ట్ కాదు. కాస్టా, క్యాలెండర్డా అని అడిగి, బిల్లుమీద రాయించుకోవాలి. త్రీఎం, ఎవరీ డెన్నిసన్ వంటి సంస్థల పొరలకు వెనుక కాగితంమీద పేరు అచ్చయి ఉంటుంది. అతికించే ముందు ఆ కాగితం చూపమని అడగడంలో తప్పు లేదు.

సాదా పలకల వంటి చదునైన డబ్బా ఉన్న సరుకు ఆటోకు క్యాలెండర్డ్ పొర చాలు. వంపులు, లోతైన గీతలు ఉన్న కారుకు, ఈకోకు అది నిలవదు. ఏ రకమైనా అచ్చుమీద లామినేషన్ పొర తప్పనిసరి. అది లేని రంగులు ఎండకు, రుద్దుడుకు త్వరగా వెలిసిపోతాయి. బండి నెత్తిమీద, బానెట్‌మీద వేసినది పక్కలకన్నా ముందుగా పాడవుతుంది. ఎండ నిటారుగా పడేది అక్కడే. నెత్తిమీది అచ్చును చూసేది పైనుంచి పోయే కాకులే గనుక ఆ ఖర్చు మానుకోవచ్చు.

పాత బండి కొన్నవారు మరొకటి గమనించాలి. తుప్పుమీద, పొలుసులు లేచిన రంగుమీద పొర అంటదు. చవకగా మళ్లీ రంగు వేయించిన బండి అయితే పొర తీసిననాడు రంగు కూడా దానితోపాటే ఊడివస్తుంది. కొత్తగా రంగు వేయించినచోట అది పూర్తిగా ఆరడానికి కొన్ని వారాలు విడిచిపెట్టాలి. లేనిపక్షంలో లోపలి ఆవిరి బుడగలై పైకి లేస్తుంది.

ఎంత రాయాలి, ఎక్కడ రాయాలి

టామ్‌టామ్ సంస్థ 2022 సంవత్సరానికి వేసిన లెక్కలో లండన్ తరువాత ప్రపంచంలో అతి నెమ్మదిగా వాహనాలు కదిలే నగర కేంద్రం బెంగుళూరు. అక్కడ 10 కిలోమీటర్లు పోవడానికి సగటున 29 నిమిషాల 10 సెకన్లు పట్టింది. సిల్క్‌బోర్డు కూడలిలోనో, హెబ్బాళ వంతెన వద్దనో చిక్కుకున్న వారికి ఈ అంకె చెప్పనవసరం లేదు. ప్రకటనకు మాత్రం ఈ కష్టంలోనే కొంత లాభం ఉన్నది. వెనుక నిలిచిన కారులోని మనిషి ముందు బండి వెనుక తలుపును నిమిషాల తరబడి చూస్తూ కూర్చుంటాడు. పక్కనుంచి పోయేవాడికి ఒకటి రెండు క్షణాలే దొరుకుతాయి. కాబట్టి డబ్బు కొద్దిగా ఉన్నప్పుడు మొదట వేయించవలసినది వెనుకభాగం. ఆశ్చర్యమేమంటే చాలామంది పక్కలకు బొమ్మలు నింపి, వెనుక నంబరును చేతివేలంత అక్షరాలతో సరిపెడుతున్నారు.

అక్షరాల కొలతకు బోర్డులు రాసేవారి లెక్క ఒకటున్నది: చూసేవాడు ఉండే ప్రతి 10 అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు. 50 అడుగుల నుంచి చదవాలంటే 5 అంగుళాల అక్షరం కావాలి. ఈ లెక్కన టాటా ఏస్ వెనుక పలకమీద మూడు నాలుగు మాటలు, ఒక నంబరు తప్ప మరేమీ పట్టవు. పట్టకపోవడమే మంచిది. ఏ పని, ఎవరు, ఏ నంబరు, ఈ మూడే అవసరం. "అన్నిరకముల ప్లంబింగు, ఎలక్ట్రికల్, పెయింటింగు, సివిల్, ఇంటీరియర్ పనులు చేయబడును" అని రాసిన బండిని చూసినవారికి ఏ పనికి పిలవాలో అర్థం కాదు. ఇంటి నీళ్లట్యాంకు కారుతున్నవాడు కారుడు ఆపేవానిని వెతుకుతాడు గాని సమస్తం చేసేవానిని కాదు. నవ్వుతున్న విదేశీ కుటుంబం బొమ్మ, గద్ద బొమ్మ, మెరుపుల బొమ్మ, ఇవన్నీ డిజైన్ చేసే కుర్రవాని కంప్యూటరులో ఉచితంగా దొరికేవి. అవి ఉన్నచోట అక్షరం చిన్నదవుతుంది.

భాష విషయంలో తొందర కూడదు. బెంగుళూరులో కన్నడం ముందు ఉండాలి. దుకాణాల బోర్డులలో 60 శాతం కన్నడం ఉండాలన్న కోరికతో 2023 డిసెంబరులో నగరంలో పెద్ద ఆందోళన జరిగింది. 2024లో దానికి చట్టబలం చేకూరింది. ఆ చట్టం సంస్థల బోర్డులకు సంబంధించినదే అయినా, బండికీ అదే మర్యాద పాటించడం వ్యాపారికి క్షేమం. పైగా ఇల్లు కట్టుకొనే వృద్ధులు, అపార్టుమెంటు కాపలాదారులు, ఇంటి పనివారు నంబరు చెప్పి పంపేవారిలో ముఖ్యులు. వారిలో అధికులకు కన్నడమే సులువు.

తెలుగు, కన్నడ లిపులు ఒక తల్లి బిడ్డలు కావడంతో సరిహద్దు పిల్లలకు కన్నడం చదవడం కష్టం కాదు. చిక్కు మాటల్లో ఉన్నది. కన్నడంలో "నల్లి" అంటే కుళాయి. తెలుగు పల్లెలో ఆ మాటకు మంచంలో కుట్టే పురుగు అని అర్థం. నల్లి రిపేరి అని రాసిన బండిని చూసి ఊరివారు నవ్వుకున్నా నగరంలో అది సరైన మాటే. అదే తెలుగువాడు పురుగుల మందు కొట్టే పని పెట్టుకొని, తన భాషలో తలచుకొని బండిమీద కన్నడ అక్షరాలతో "నల్లి" అని రాయిస్తే కుళాయిలకు పిలుపులు వస్తాయి! కన్నడంలో ఆ పురుగు "తిగణె". రంగుకు "బణ్ణ", కారడానికి "సోరికె" అన్నవి వాడుక మాటలు. అచ్చుకు పంపే ముందు కన్నడం చదువుకున్న వారిచేత ఒకసారి చూపించుకుంటే అయిదు నిమిషాల పని. అతికించిన తరువాత దిద్దాలంటే కొత్త పొర వెల.

నంబరు ఎవరి పేరున ఉన్నదో కూడా చూసుకోవాలి. బావమరిది పేరుమీద తీసుకున్న సిమ్‌ను బండికి ఎక్కించి, తరువాత తగాదాలు వచ్చి నంబరు పోగొట్టుకుంటే బండిమీద ఖర్చంతా వృథా. సరిహద్దు కుటుంబాలలో చాలామందికి ఆంధ్ర సిమ్‌లు ఉంటాయి. వాటిని మార్చుకోవాలేమోనన్న అనుమానం అనవసరం. 2015 జూలై నుంచి దేశంలో ఏ సర్కిల్‌కు మారినా అదే నంబరు ఉంచుకొనే వీలు కలదు. నగదు చెల్లింపుల క్యూఆర్ కోడ్‌ను బండి బయట వేయడం మాత్రం మంచిది కాదు. కదిలే బండిమీద దానిని ఎవరూ స్కాన్ చేయలేరు. నిలిచి ఉన్నప్పుడు దానిపై వేరొకరు తమ కోడ్ అతికించిపోయే మోసానికి అవకాశం ఉన్నది.

తిరిగే బండికన్నా నిలిచిన బండి

ర్యాపింగ్ అమ్మేవారు రోజుకు ఇన్ని వేలమంది చూస్తారని లెక్కలు చెబుతారు. ఆ లెక్కలు పెద్ద కంపెనీలకు పనికివస్తాయేమో గాని యలహంకలో ఉండే ప్లంబరుకు కాదు. అతడు ఎలక్ట్రానిక్ సిటీ నుంచి వచ్చిన పిలుపుకు వెళ్లలేడు. వెళితే అరపూట దారిలోనే పోతుంది. అతనికి కావలసినది తన చుట్టూ నాలుగైదు కిలోమీటర్లలోని ఇళ్లు. ఆ ఇళ్లవారు బండిని చూసేది అది తమ వీధిలో నిలిచి ఉన్నప్పుడు.

ఒక ఇంట్లో స్నానాలగది పని నాలుగు రోజులు జరిగితే బండి నాలుగు రోజులు ఆ ఇంటి ముందు ఉంటుంది. పక్కింటివారు పని జరగడం చూస్తారు, సుత్తి చప్పుడు వింటారు, ఆ ఇంటివారిని ఎలా చేశాడని అడుగుతారు. ఈ మూడూ కలిసినప్పుడే బండిమీద నంబరుకు విలువ. ఇందుకోసం కొన్ని చిన్న జాగ్రత్తలున్నాయి. రాత ఉన్న పక్క వీధివైపు ఉండేలా బండి నిలపడం, ఎదురింటి గేటుకు అడ్డం పెట్టకపోవడం, సిమెంటు బస్తాలు, గొట్టాలు అక్షరాలను కప్పకుండా చూడటం. సాయంత్రం ఇంటిముందు ఊడ్చి వెళ్లే పనివాని బండికి పక్కింటి పిలుపు వస్తుంది. ఇసుక వదిలి వెళ్లేవానికి రాదు.

పేరు రాసుకున్నవానికి బాధ్యత కూడా బండిమీదే ఉంటుంది. పేరులేని తెల్ల ఆటో సిగ్నలు దాటిపోతే ఎవరిదో తెలియదు. పేరున్న బండి ఫుట్‌పాత్ ఎక్కితే నంబరుతో సహా కనబడుతుంది. బెంగుళూరు పౌరులు ఇటువంటివి ఫొటో తీసి యాప్ ద్వారా ట్రాఫిక్ పోలీసులకు పంపుతున్నారు.

చట్టం ఒప్పేది, ఒప్పనిది

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. ఆ పత్రంలో రంగు కూడా ఒక వివరమే. తెల్ల బండికి తలుపులమీద పేరు రాయించడం వేరు, అంతటినీ నీలం పొరతో కప్పడం వేరు. రెండవదానికి ఆర్టీవో కార్యాలయంలో ముందుగా అనుమతి పొంది పత్రంలో నమోదు చేయించాలి. నిండు ర్యాపింగ్ వద్దనడానికి ఖర్చుతోపాటు ఇదీ ఒక కారణం. బీమా సంస్థకు కూడా తెలియజేయడం మేలు. ప్రమాదం జరిగిన తరువాత బండి మార్చబడిందన్న వాదం వినవలసిరావడం ఎవరికీ ఇష్టం ఉండదు.

అద్దాల విషయం ఇంకా కఠినం. ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు రావాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి చెబుతున్నది. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అద్దాలకు నల్ల ఫిలిం అతికించడాన్ని నిషేధించిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఈకో వెనుక అద్దానికి బయట బొమ్మ కనబడి లోపలినుంచి దారి కనబడే చిల్లుల పొర వేస్తామని దుకాణంవారు చెబుతారు. అటువంటి పొరల్లో సాధారణంగా సగభాగం వరకు అచ్చే ఉంటుంది. 70 శాతం వెలుతురు ఎక్కడ నుంచి వస్తుంది? అద్దాలను విడిచిపెట్టడమే ఉత్తమం. నంబరు ప్లేటుమీద, దీపాలమీద, వెనుక మెరిసే ఎర్ర పట్టీలమీద పొర రాకూడదని వేరే చెప్పనక్కరలేదు.

సిమెంటు కంపెనీనో, రంగుల కంపెనీనో తన పేరు పెద్దగా వేసుకుంటే స్టిక్కరింగ్ ఉచితంగా చేయిస్తామన్నప్పుడు కొందరు సంబరపడతారు. పల్లెల్లో దుకాణాల బోర్డులు చూస్తే ఫలితం తెలుస్తుంది: కంపెనీ పేరు మూరెడు, దుకాణం పేరు జానెడు. బండి కూడా అలాగే అవుతుంది. పైగా ఇతరుల ప్రకటన మోయడం సొంత పేరు రాసుకోవడం వంటిది కాదు. సరుకు, రవాణా వాహనాలకు దానికి అనుమతి, రుసుము వంటి విషయాలు ఆర్టీవో వద్ద తేల్చుకోవలసి ఉంటుంది.

ఖర్చు, లెక్క

దుకాణాలు చదరపు అడుగు చొప్పున ధర చెబుతాయి. ఏడడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు ఉన్న పక్క పలక 14 చదరపు అడుగులు. రెండు పక్కలు, వెనుక కలిపితే చిన్న సరుకు బండికి 40 చదరపు అడుగులలోపే. నిండు ర్యాపింగ్‌కు ఇందుకు ఎన్నో రెట్లు అవుతుంది, వంపులవల్ల వృథా అదనం. ధరలో డిజైను, లామినేషన్, అతికించే కూలి కలిసి ఉన్నవా, ఎన్నాళ్లకు గ్యారంటీ, మూల లేచినా బుడగ వచ్చినా ఎవరు సరిచేయాలి అన్నవి ముందే తేల్చుకోవాలి. జేసీ రోడ్డు పరిసరాల్లో ఒకటి కాదు, మూడు దుకాణాలు తిరిగి అడగడం మంచిది. డిజైన్ ఫైలును కూడా అడిగి తీసుకుంటే రేపు ఒక తలుపు గీసుకుపోయినప్పుడు ఆ ముక్క ఒక్కటే మళ్లీ అచ్చువేయించుకోవచ్చు.

దీనికోసం వడ్డీకి అప్పు చేయడం తగదు. మొదట రేడియం అక్షరాలతో వెనుక తలుపు, రెండు పక్కలు చేయించి మూడు నెలలు చూడాలి. ఫోను చేసిన ప్రతివారినీ "నంబరు ఎక్కడ చూశారండీ?" అని అడిగి ఒక పుస్తకంలో రాసుకుంటే చాలు. బండి చూసి వచ్చిన పనులెన్ని, వాటిలో మిగిలినదెంత అన్నది ఆ పుస్తకమే చెబుతుంది. ఆ మిగులులోనుంచే పెద్ద పనికి డబ్బు తీయాలి. మూడు నెలల్లో ఒక్క పిలుపూ రాకపోతే మరింత పెద్ద బొమ్మ వేయించడం మందు కాదు. రాసిన మాటలనో, తిరిగే వీధులనో, చేసే పనినో చూసుకోవాలి.

అతికించిన తరువాత ఒకటి రెండు రోజులు నీళ్లు తగలనీయకూడదు. తరువాత మెత్తని గుడ్డతో, సబ్బునీళ్లతో కడగాలి. సర్వీసింగ్ కేంద్రాల్లో పీడనంతో వచ్చే నీటిని అంచులమీదికి కొట్టనివ్వరాదు. పండుగకు ఊరికి తెచ్చినప్పుడు బండిని అనంతపురం ఎండలో వారంపాటు వదలక వేపచెట్టు నీడన నిలపడం ఆ పొరకు చేసే పెద్ద ఉపకారం.

బండి అమ్మేటప్పుడు పేరు, నంబరు తీసివేసిన తరువాతనే తాళాలు ఇవ్వాలి. కొన్నవాడు ఎక్కడ గుద్దినా, ఎవరి వద్ద బాకీపడినా ఫోను పాత యజమానికే వస్తుంది. పొరను వేడిగాలితో మెత్తబరచి, వాలుగా నెమ్మదిగా లాగితే ఊడివస్తుంది. కత్తితో గీకితే రంగు పోతుంది. ఒలిచిన పొరను పొయ్యిలోనో, పొలం గట్టున చెత్తతోనో కాల్చరాదు. అది పీవీసీ గనుక కాలినప్పుడు కళ్లను, ఊపిరితిత్తులను దహించే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది.